నిలబడితే వేడెక్కే బండి

పాత స్పోర్ట్స్ కారు కొన్నాక నా చూపు స్పీడోమీటరు మీదకన్నా టెంపరేచర్ ముల్లు మీదే ఎక్కువ ఉండేది. బండి 1992 నాటి మాజ్డా మియాటా, ఎర్రది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా వాళ్ళు ఈ మోడల్‌ని మొదటిసారి జనానికి చూపించినప్పుడు నేను కృష్ణా జిల్లాలో నిక్కర్లేసుకుని స్కూలుకి పోతున్నాను. ఇలాంటి కారు ఒకటుందని తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది. కొనే రోజు వచ్చేసరికి జుట్టు నెరిసింది. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు, స్విచ్ నొక్కితే బానెట్‌లోంచి పైకి లేచే హెడ్‌లైట్లు, 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్. మా ఆవిడ నడిపే మినీవ్యాన్‌కి ఇంతకు రెట్టింపు బలం ఉంది. కానీ బండి మొత్తం బరువు టన్నుకి అటూ ఇటూ. అందుకని ఆ కాస్త బలంతోనే మలుపుల్లో మనసు దోచేస్తుంది. టాపు తీసేసే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఇంకేదీ ఇన్ని అమ్ముడుపోలేదు. 2016లోనే తయారైనవి పది లక్షలు దాటాయి.

నా బండికి ఒక రోగం ఉండేది. డాలస్ నార్త్ టోల్‌వే మీద 70 మైళ్ళ వేగంతో ఎంతసేపు నడిపినా ముల్లు సగానికి కాస్త కిందే, మేకు కొట్టినట్టు నిలబడేది. టోల్‌వే దిగి ఫ్రిస్కోలో సిగ్నళ్ళ మధ్య చిక్కుకుంటే చాలు, మెల్లగా కదిలేది. ముందు సగం, తర్వాత ముప్పావు. పచ్చలైటు పడి బండి కదిలితే మళ్ళీ దిగేది. పొద్దున్నే చల్లటి వేళలో ఈ గోల తక్కువ. మధ్యాహ్నం ఎండలో మాత్రం సిగ్నల్ దగ్గర ఆగాలంటేనే భయం.

2022 ఆగస్టులో ఒక శనివారం మా మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడికి బయల్దేరాను. మా అత్తగారు, మా ఆవిడ, పిల్లలు వ్యాన్‌లో వెనక వస్తున్నారు. శనివారం ఆ గుడి దగ్గర పార్కింగ్ కోసం కార్లు వరస కడతాయి. ఆ వరసలో ఇరుక్కోగానే ముల్లు లేచింది. ఇలాంటప్పుడు చేసే చిట్కా ఒకటే. హీటరు పూర్తిగా తిప్పి బ్లోయరు ఫుల్లుగా పెట్టాలి. డ్యాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అని చిన్న రేడియేటర్ ఒకటుంటుంది. ఇంజిను వేడిలో కొంత దాని గుండా లోపలికి వచ్చేస్తుంది. బయట 104 ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్. నెత్తిన ఎండ, కాళ్ళ మీద హీటరు.

మామగారు కాసేపు ఓపిక పట్టారు. తర్వాత మర్యాదగానే అడిగారు. “ఇదేమన్నా మొక్కా అల్లుడుగారూ?”

విషయం చెప్పాను. ఆయన వెంటనే మాట్లాడలేదు. ముల్లు వంకే చూస్తూ కూర్చున్నారు. వరస కదిలింది, ముల్లు కాస్త దిగింది. వరస ఆగింది, లేచింది.

“ఇది నీళ్ళ జబ్బు కాదండీ, గాలి జబ్బు” అన్నారు.

ఆయన ఏపీఎస్ఆర్టీసీ గుడివాడ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పెట్రోలు కార్ల సంగతి తనకు తెలీదంటూనే ఉంటారు కానీ, ఆ మాట అనేశాక నాలుగు ముక్కలు చెప్పకుండా మాత్రం ఊరుకోరు. ఆయన చెప్పింది నిజానికి ఈ రోగానికి మొదటి పాఠం. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌లోకి దూరి వేడిని పట్టుకుపోతుంది. అప్పుడు ఫ్యాను ఉన్నా లేకపోయినా ఒకటే. బండి ఆగితే ఆ గాలి ఆగిపోతుంది. అప్పుడిక భారమంతా ఫ్యాను మీదే. రేడియేటర్ పూడిపోయినా, థర్మోస్టాట్ సగమే తెరుచుకున్నా హైవే మీదే ముందు బయటపడుతుంది, ఎందుకంటే ఇంజిను ఎక్కువ వేడి పుట్టించేది అక్కడే. హైవే మీద బాగుండి ఆగినప్పుడు మాత్రమే వేడెక్కే బండికి ముందు చూడాల్సింది గాలే.

“ఫ్యాను తిరుగుతోంది మామయ్యగారూ. నా కళ్ళతో చూశాను” అన్నాను. గుడి దగ్గర బానెట్ ఎత్తి ఆయనక్కూడా చూపించాను. గిర్రున తిరుగుతోంది. “అయితే మరి...” అని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. దాంతో గాలి సంగతి పక్కకు పోయింది. మిగతావన్నీ ఒక్కొక్కటీ చూడాల్సొచ్చింది.

ముందు ముల్లు నిజం చెబుతోందా లేదా అన్నది తేల్చాలి. ముప్పై ఏళ్ళ నాటి మీటరు అబద్ధం చెప్పినా చెప్పొచ్చు. ఈ ఇంజినులో మీటరుకి సంకేతం పంపే సెన్సర్ వేరు, కంప్యూటరుకి పంపేది వేరు. ఆ రెండూ ఇంజిను వెనక వైపు ఉంటాయి. ఫ్యాన్‌ని ఆన్ చేసే థర్మోస్విచ్ ముందు వైపు, థర్మోస్టాట్ దగ్గర ఉంటుంది. ఒకటి పాడైనంత మాత్రాన మిగతావి పాడవవు. పిస్తోలులా పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చి థర్మోస్టాట్ గూడు మీద పెట్టాం. ఇక్కడొక కిటుకుంది. మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్ల టేపు ముక్క అతికించి ఆ టేపు మీద గురిపెట్టాలి. ఆగిన బండిలో అంకె 88 సెల్సియస్ దాటింది, 97 దాటింది, 105 దాటాక నేనే ఇంజిను ఆపేశాను. ముల్లు నిజమే చెబుతోంది.

తర్వాత రేడియేటర్ మూత. పైకి చిన్న వస్తువులా కనిపిస్తుంది కానీ నీళ్ళు మరగకుండా ఆపేది అదే. మూత బిగువుగా ఉండి లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా 106 డిగ్రీల దగ్గర మరిగితే, 15 పీఎస్ఐ ఒత్తిడిలో దాదాపు 129 దాకా ఆగుతుంది. ఇక్కడ విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే ప్రెజర్ టెస్టర్ అరువిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారు. మామగారికి ఈ పద్ధతి తెగ నచ్చింది. “మన దగ్గరైతే పానా అరువిస్తే అది మళ్ళీ ఇంటికి రాదు” అన్నారు. మూతా, గొట్టాలూ ఒత్తిడి నిలుపుకున్నాయి. లీకు లేదు.

హెడ్ గాస్కెట్ అనుమానం ఆయనది. ఆయిల్ మూత తీసి వేలితో రాసి చూశారు. నీళ్ళు కలిస్తే ఆయిల్ పాల టీ రంగుకి తిరుగుతుంది. నల్లగానే ఉంది. అయినా నేను నీలం మందు పరీక్ష చేశాను. రేడియేటర్ మూతి దగ్గర గాజు గొట్టంలో నీలి రంగు ద్రవం పోసి, కూలెంట్ పైనున్న గాలిని దాని గుండా లాగుతారు. గాస్కెట్ పోయి సిలిండర్‌లోని పొగ నీళ్ళలోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల నీలం పసుపవుతుంది. మాది నీలంగానే ఉండిపోయింది. మామగారు ఆ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. డిపోలో ఇది ఉండుంటే ఎన్ని ఇంజిన్లు అనవసరంగా విప్పే బాధ తప్పేదో అని లెక్కేసుకున్నారు.

ఎయిర్ లాక్ చూశాం. బండి ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, గరాటా పెట్టి, బుడగలు ఆగిపోయేదాకా నడిపాం. ఇగ్నిషన్ టైమింగ్ చూశాం. 850 ఆర్‌పీఎమ్ దగ్గర 10 డిగ్రీలు, ఉండాల్సిన చోటే ఉంది. బెల్టు బిగువుగా ఉంది. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఎండుటాకులు, మిడతల రెక్కలు దొరికాయి కానీ గాలిని అడ్డుకునేంత లేవు.

థర్మోస్టాట్ దగ్గర మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది. తీసి పారేయమన్నారాయన. ఎండాకాలం వస్తే డిపోలో అలాగే చేసేవారట. కంప్యూటర్ ఉన్న ఇంజినులో అది కుదరదని చెప్పాను. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిను వేడెక్కాల్సినంత వేడెక్కదు. చలిగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పోతుంది, ఇంజినూ త్వరగా అరుగుతుంది. చివరికి తీసి, పరీక్షించి, బాగుంటే తిరిగి పెట్టేసేట్టు రాజీ కుదిరింది. వంటింట్లో గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, థర్మోస్టాట్‌ని దారంతో కట్టి వేలాడదీసి, పక్కన వంట థర్మామీటరు ముంచాం. 88 దగ్గర అది నెమ్మదిగా నోరు తెరిచింది. మామగారు పొయ్యి మీదకు వంగి “అదుగో, అదుగో” అన్నారు. అత్తగారు వచ్చి చూసి, ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రావడానికి వీల్లేదన్నారు. ఆవిడ అన్నది న్యాయమే. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలూ కుక్కలూ ఉన్న ఇళ్ళలో నేల మీద చుక్క కూడా ఉండనివ్వకూడదు. ఆ గిన్నె ఇప్పుడు గ్యారేజీలో బోల్టులకు పనికొస్తోంది.

ఫ్యాన్‌ని ఇంకోసారి చూశాం. ఈ బండిలో బానెట్ కింద చిన్న డయాగ్నొస్టిక్ పెట్టె ఉంటుంది. అందులో టీఎఫ్ఏ అని రాసున్న చోటునీ జీఎన్‌డీ అని ఉన్న చోటునీ ఒక తీగ ముక్కతో కలిపి తాళం తిప్పితే ఇంజిను చల్లగా ఉన్నా ఫ్యాను తిరగాలి. తిరిగింది. రిలే బాగుంది, మోటారు బాగుంది.

ఇదంతా అయ్యేసరికి నేను కొత్త రేడియేటర్ కొందామన్న నిర్ణయానికి వచ్చేశాను. ఈ మోడల్ రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. కొత్తలో నల్లగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి గోధుమ రంగులోకి తిరుగుతుంది. అలా తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉందని అర్థం. నాది అప్పటికే మట్టి రంగులో ఉంది. ఎలాగూ మార్చాలి. కానీ వేడెక్కడానికి అదే కారణమని నాకు నమ్మకం లేదు. పూడిపోయిన రేడియేటర్ అయితే హైవే మీద ఎందుకు ఊరుకుంటుంది?

నన్ను వదలకుండా వేధించిన సంగతి ఇంకొకటుంది. ఆగిన బండిలో ముల్లు ఒక స్థాయి దాకా నింపాదిగానే లేచేది. ఫ్యాను మొదలయ్యాక ఇంకా జోరందుకునేది. ఒకసారి మొదలైన ఫ్యాను మళ్ళీ ఆగేది కాదు. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఫ్యాను వస్తుంది, కాసేపు తిరుగుతుంది, నీళ్ళు చల్లబడగానే ఆగిపోతుంది.

ఆదివారం పొద్దున్నే బండిని డ్రైవ్‌వేలోకి తెచ్చి, ఏసీ వేయకుండా ఇంజిను నడుపుతూ థర్మామీటరు చూస్తున్నాను. మామగారు లుంగీలో కాఫీ గ్లాసుతో వచ్చారు. మియాటా ముందు నోరు నేలకి దగ్గరగా, నిలబడ్డ మనిషి పిక్కల ఎత్తులో ఉంటుంది. ఆయన సరిగ్గా దాని ఎదురుగా నిలబడి నాతో ఏదో చెబుతున్నారు. అంతలో ఫ్యాను మొదలైంది. ఆయన మాట మధ్యలో ఆపేశారు. కిందికి చూసుకున్నారు. లుంగీ అంచు బండికి దూరంగా, వీధి వైపు ఎగురుతోంది.

“అల్లుడుగారూ, ఈ బండి ఊపిరి లోపలికి పీల్చాలా, బయటికి వదలాలా?”

“పీల్చాలి.”

“మరి నా కాళ్ళ మీద వేడిగాలి కొడుతోందేంటండీ?”

దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాను. నిజమే. నోట్లోంచి వేడిగాలి బయటికి వస్తోంది. డిపోలో బస్సు ఇంజిను నడుస్తుండగా చేతిలో గుడ్డ జారితే వెళ్ళి ముందు జాలీకి అతుక్కుపోయేదని ఆయన చెబుతూనే ఉన్నారు. నేను ఇంట్లోకి పరిగెత్తి తెలుగు క్యాలెండర్‌లోంచి జూలై కాగితం చింపుకొచ్చాను. కండెన్సర్ ముందు పెట్టి వదిలితే అది అక్కడే అతుక్కోవాలి. వదిలాను. ఎగిరి గడ్డిలో పడింది. మామగారు కాఫీ గ్లాసు గోడ మీద పెట్టి, ఆ కాగితం తెచ్చి తనూ పెట్టి చూశారు. మళ్ళీ గడ్డిలోకే.

ఫ్యాను ఉల్టా తిరుగుతోంది. రేడియేటర్ వెనకుండి గాలిని ఇంజిను వైపు లాగాల్సింది పోయి, ఇంజిను వేడిని రేడియేటర్ గుండా ముందుకి నెడుతోంది. హైవే మీద ఫ్యాను అవసరమే పడదు, ఎదురుగాలి చూసుకుంటుంది. బండి ఆగితే నీళ్ళు 97 దగ్గరికొచ్చి ఫ్యాను మొదలవుతుంది. అప్పటిదాకా సహజంగా వచ్చే ఆ కాస్త గాలిని కూడా అది తోసేస్తుంది. ఏసీ వేసి చూశాం. ఈ బండిలో ఏసీకి రెండో ఫ్యాను పక్కనే ఉంటుంది. అది సరిగ్గానే లోపలికి లాగుతోంది. అంటే ఒకటి బయటికి నెట్టిన వేడిగాలినే రెండోది మళ్ళీ లోపలికి లాగుతోందన్నమాట.

బండి వెంట పాత యజమాని ఇచ్చిన రసీదుల ఫైలు ఉంది. తిరగేస్తే, నేను కొనక ముందు ఒక వర్క్‌షాపులో ఫ్యాను మోటారు మార్పించిన రసీదు కనిపించింది. ఏ వర్క్‌షాపు అన్నది ఇక్కడ అనవసరం. ఫ్యాను విప్పి చూస్తే కొత్త మోటారు తీగలు పాత ప్లగ్గుకి అతుకులేసి ఉన్నాయి. డీసీ మోటారుకి ప్లస్సూ మైనస్సూ తారుమారైతే అది ఆగదు, కాలదు, చప్పుడు మారదు. వెనక్కి తిరుగుతుంది, అంతే. రెక్కల వంపు ఒక దిక్కుకే చేసినది కాబట్టి వెనక్కి తిరిగినప్పుడు గాలి కాస్త తక్కువ వస్తుంది. కంటికి మాత్రం గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది. ఆ వేగంలో ఎటు తిరుగుతోందో ఎవరికి తెలుస్తుంది?

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నారు మామగారు. చూసే వీలు కూడా లేదు. ఆయన చేతుల మీదుగా పోయిన బస్సుల్లో ఫ్యాన్‌ని ఇంజినే బెల్టుతో తిప్పేది. ఇంజిను ఉల్టా తిరగదు, ఫ్యానూ తిరగదు. కానీ కారణం విన్న వెంటనే ఆయనకు తగలాల్సిన చోట తగిలింది. “అంటే మన పొలంలో త్రీఫేజ్ మోటారుకి ఫేజులు మారిపోయినట్టేగా! మోటారు మోగుతూనే ఉంటుంది, కాలవలోకి నీళ్ళు సరిగా రావు” అన్నారు. లైను రిపేరయ్యాక స్టార్టర్ దగ్గర రెండు తీగలు మార్చుకోవడం ఊళ్ళో ప్రతి రైతుకీ తెలిసిందే. ఇక్కడ చేయాల్సిందీ అదే. అతుకులు కత్తిరించి, రెండు తీగలూ అటుదిటు మార్చి, టంకం పెట్టి, పైన ష్రింక్ ట్యూబ్ తొడిగాం. టంకం ఆయనే పెట్టారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా చెయ్యి వణకలేదు.

జూలై కాగితం ఈసారి కండెన్సర్‌కి చప్పున అతుక్కుంది.

ఆ మధ్యాహ్నం కావాలనే మండుటెండలో ఏసీ వేసి బండిని డ్రైవ్‌వేలో నిలబెట్టాం. 97 దగ్గర ఫ్యాను వచ్చింది. అంకె మెల్లగా దిగింది. ఫ్యాను ఆగింది. ఏసీ ఆపేసి కూడా చూశాం, అదే వరస. ముల్లు సగానికి కిందే ఉంది. మామగారు లోపలికి వెళ్ళి అత్తగారితో “గిన్నె ఊరికే పాడైంది” అని ఒప్పేసుకున్నారు.

రేడియేటర్ తర్వాత మార్చాను. ఆ మట్టి రంగు ట్యాంకు ఏదో ఒక రోజు హైవే మీద పగిలేదే. బండి కింద రేకు కూడా కొత్తది బిగించాను. ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్‌ని తప్పించుకుని కిందికి జారిపోకుండా చూసేది అదే. పాత మియాటాల్లో చాలావాటికి అది ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

ఏ కంపెనీదైనా సరే, ఆగినప్పుడు మాత్రమే వేడెక్కే పాత బండి మీ దగ్గరుంటే రేడియేటర్ మీదా వాటర్ పంపు మీదా డబ్బు పెట్టే ముందు ఒక కాగితం తీసుకోండి. ఫ్యాను తిరుగుతుండగా కండెన్సర్ ముందు పెట్టి వదలండి. అతుక్కుంటే మిగతావి ఒక్కొక్కటీ చూసుకోవచ్చు. ఎగిరిపోతే రెండు తీగలతో పని అయిపోతుంది. ఏం చేసినా సరే, ఇంజిను వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి. ఆ మూత కింద వంద డిగ్రీలు దాటిన నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. మూత వదులవగానే అవి మొహం మీదకే వస్తాయి.